అంకితం వెంకట నరసింగరావు

అంకితం వెంకట నరసింగరావు (1827 - 1892) విశాఖపట్నానికి చెందిన ఖగోళ పరిశీలకుడు. సొంత వేధశాలలో పరిశోధన సాగించి, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలోగా ఎన్నికైనాడు.

వేధశాల

నరసింగరావు మామ గోడే వెంకట జగ్గారావు. ఈయన మద్రాసు వేధశాలలో టి.జి.టేలర్ వద్ద ఖగోళ శాస్త్రం అభ్యసించి, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని తన నివాసంలో వేధశాలను నెలకొల్పాడు. 1856లో జగ్గారావు మరణించిన తరువాత నరసింగరావు దాని బాధ్యత స్వీకరించాడు. వాతావరణ పరిశీలనలను కూడా నిర్వహించాడు. 1874లో ఇంగ్లాండుకు చెందిన కుక్ సంస్థ తయారు చేసిన 6 అంగుళాల దూరదర్శినిని ఇక్కడ ప్రతిష్ఠించాడు.

దూరదర్శిని విశేషం

ఇది కటకంతో పనిచేసే దూరదర్శిని. న్యూటన్ పద్ధతి దర్పణ దూరదర్శినిలో కాంతిని పక్కకు మళ్ళించే చిన్న ద్వితీయ దర్పణం గొట్టం మధ్యలో ఉంటుంది. దానిని పట్టి ఉంచే సన్నని రేకుల వల్ల కాంతి వివర్తనం చెంది, ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ కిరణాల వంటి గీతలు ఏర్పడతాయి. శిలువ ఆకారంలో అమర్చిన నాలుగు రేకులకు నాలుగు, సమదూరంలోని మూడు రేకులకు ఆరు గీతలు కనిపిస్తాయి. వంపు రేకులు వాడితే గీతలు కనిపించవు కానీ, ఆ కాంతి చుట్టూ పరచుకొంటుంది. ద్వితీయ దర్పణం అడ్డు పెద్దదైనకొద్దీ గ్రహాల మీది సూక్ష్మ వివరాలు మసకబారతాయి. కటక దూరదర్శినిలో కాంతి మార్గంలో ఇటువంటి అడ్డు ఉండదు. అయితే ప్రకాశవంతమైన వస్తువుల అంచున కొద్దిగా రంగు కనిపించడం దీని లోపం.

శుక్ర సంక్రమణం

1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగడాన్ని నరసింగరావు పరిశీలించాడు. అంతకు ముందరి సంక్రమణం 1769లో జరిగింది. 1882 నాటిది భారతదేశంలో కనిపించలేదు. ఆ పై సంక్రమణం 2004లో వచ్చింది. అందువల్ల స్వస్థలం నుండి దీనిని చూడడానికి ఆయనకు లభించిన అవకాశం ఇదొక్కటే. సూర్యుని దూరాన్ని లెక్కించడానికి రెండు బింబాల అంచులు తాకిన క్షణాన్ని కచ్చితంగా గుర్తించాలి. బింబాల అంచులు ఎంత స్పష్టంగా కనిపిస్తే ఆ సమయం అంత నమ్మదగినదవుతుంది. ఆయన పరిశీలన వివరాలు సొసైటీ పత్రికలో ప్రచురితమయ్యాయి.

స్మృతి

నరసింగరావు 1892లో మరణించాడు. విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరులోని పొడి అక్షరాలు ఆయనవే. ఆ పేరు ఆయన భార్య అంకితం అచ్చయ్యమ్మను సూచిస్తుంది.