సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త, పరిపాలకుడు. సర్ సి.వి.రామన్ తొలితరం శిష్యులలో ముఖ్యుడు. కాంతి పరిక్షేపణం, స్ఫటికాల భౌతిక ధర్మాలు, భౌతిక శాస్త్రంలో సమూహ సిద్ధాంతపు వినియోగం ఆయన ప్రధాన పరిశోధనా రంగాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకునిగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసాడు. సంప్రదాయ యాంత్రిక శాస్త్రానికీ, అప్పుడప్పుడే రూపు దిద్దుకుంటున్న క్వాంటం యాంత్రిక శాస్త్రానికీ మధ్యగల సంబంధం ఆయన పరిశోధనలలో పలుమార్లు ఎదురవుతుంది.

బాల్యం, విద్యాభ్యాసం

భగవంతం అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లి గ్రామంలో జన్మించాడు. గుడివాడలో పాఠశాల విద్య ముగించుకొని, పట్టభద్ర విద్యకు హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరాడు. ఆనాడు నిజాం కళాశాల హైదరాబాదు రాజ్యంలో ఉన్నప్పటికీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అక్కడ భౌతిక శాస్త్రంలో పట్టా పొందిన తరువాత మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్‌సి. పట్టా కూడా అందుకున్నాడు.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఫలితం కనుగొనబడింది. అదే సంవత్సరం భగవంతం కలకత్తా చేరి, బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో రామన్ వద్ద పరిశోధకునిగా కుదిరాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు. యూరపులో హైసెన్‌బెర్గ్, ష్రోడింగర్‌ల కొత్త యాంత్రిక శాస్త్రం వెలువడి రెండు మూడేళ్ళే అయింది. అందువలన ఆ కలకత్తా బృందంలోని యువకులు ఒకవైపు కొత్త ఫలితాన్ని కొలుస్తూ, మరొకవైపు ఆ కొలతలను ఏ సిద్ధాంతంతో అర్థం చేసుకోవాలో నేర్చుకోవలసి వచ్చింది.

రామన్ ఫలితం - రెండు వివరణలు

భగవంతం కృషిని గ్రహించాలంటే రామన్ ఫలితాన్ని రెండు విధాల చూడటం అవసరం. సంప్రదాయ దృష్టిలో, అణువుపై పడిన కాంతి తరంగం అందులోని ఎలక్ట్రాన్ మేఘాన్ని ఊపుతుంది. ఊగుతున్న మేఘం అదే పౌనఃపున్యంతో కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. అయితే అణువు స్వయంగా కంపిస్తూ ఉంటుంది. ఆ మేఘం ఎంత సులువుగా ఊగుతుందన్న గుణాన్ని ధ్రువణీయత అంటారు. కంపనంతో పాటు ఈ గుణం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. రేడియో ప్రసారంలో వాహక తరంగానికి ఇరుపక్కలా కొత్త పౌనఃపున్యాలు ఏర్పడినట్లే, ఇక్కడ కూడా అసలు కాంతి రేఖకు ఇరువైపులా అణువు కంపన పౌనఃపున్యమంత దూరంలో రెండు కొత్త రేఖలు ఏర్పడతాయి.

రేఖలు ఎక్కడ ఏర్పడతాయో ఈ వివరణ సరిగానే చెబుతుంది. కాని రెండు రేఖలూ ఇంచుమించు ఒకే ప్రకాశంతో ఉండాలని కూడా చెబుతుంది. ప్రయోగంలో అలా కనబడదు. తక్కువ పౌనఃపున్యం వైపు రేఖ స్పష్టంగానూ, ఎక్కువ పౌనఃపున్యం వైపు రేఖ చాలా మసకగానూ ఉంటాయి. క్వాంటం యాంత్రిక శాస్త్రం ప్రకారం అణువు కంపన శక్తి నిచ్చెన మెట్లవలె విడివిడి విలువలనే తీసుకుంటుంది. కాంతికణం అణువుకు ఒక మెట్టు శక్తిని ఇవ్వడానికి అడ్డంకి లేదు. అణువు నుండి శక్తి తీసుకోవాలంటే మాత్రం అణువు అప్పటికే పై మెట్టుమీద ఉండి తీరాలి. వజ్రంలో ప్రధాన రామన్ రేఖ విస్థాపన సెంటీమీటరుకు 1332 తరంగాలు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఆ కంపనం పై మెట్టుమీద ఉండే అవకాశం కింది మెట్టుతో పోలిస్తే సుమారు 600లో ఒక వంతు మాత్రమే. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ, లేదా కంపన పౌనఃపున్యం చిన్నదయ్యేకొద్దీ, రెండు రేఖల ప్రకాశాలూ దగ్గరవుతూ చివరకు సంప్రదాయ ఫలితంతో కలుస్తాయి. పాఠ్యపుస్తకాలలో అనురూపతా సూత్రం అని చదివే విషయాన్ని ఇంత తేటగా చూపే ఉదాహరణలు తక్కువ.

కలకత్తాలో భగవంతం పరిశీలించిన పదార్థాలలో వజ్రం ఒకటి. వజ్రంలో రామన్ రేఖకూ, స్ఫటిక నిర్మాణానికీ గల సంబంధంపై ఆయన వ్యాసం 1930లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ప్రచురితమయింది. హైడ్రోజను వంటి వాయువులపై కూడా ఆయన ప్రయోగాలు చేసాడు.

కాంతికణపు స్పిన్

భగవంతం పేరు ప్రపంచానికి తెలిసినది 1931లో రామన్‌తో కలసి చేసిన ప్రయోగం వలన. కాంతికణానికి శక్తి, ద్రవ్యవేగం ఉన్నాయని అప్పటికి స్థిరపడింది. 1923లో కాంప్టన్ చేసిన ఎక్స్-కిరణాల ప్రయోగం ఇందుకు ఆధారం. వీటికి తోడు కాంతికణానికి తనదైన కోణీయ ద్రవ్యవేగం, అనగా స్పిన్, ఉన్నదా అన్నది ప్రశ్న. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ప్లాంక్ సూత్రాన్ని ఉత్పాదించినపుడు లెక్కలో రెండు అనే గుణకం అవసరమయింది. ప్రయాణ దిశకు అనుకూలంగానో, వ్యతిరేకంగానో ఉండే స్పిన్ వలన ఆ గుణకం రావచ్చుననే భావన బోస్‌కు ఉండేదని రామన్, భగవంతం తమ వ్యాసంలో గుర్తు చేసారు.

వారి ఆలోచన ఇది. తిరుగుతున్న అణువుల వలన, పరిక్షేపణం చెందిన అసలు రేఖకు ఇరువైపులా పక్షి రెక్కల వంటి మసక భాగాలు ఏర్పడతాయి. కాంతికణపు స్పిన్ తారుమారయితే కోణీయ ద్రవ్యవేగంలో రెండు ప్రమాణాల తేడా వస్తుంది. ఆ తేడాను అణువు గ్రహించాలి. అందువలన అణువు భ్రమణ సంఖ్య రెండు మెట్లు మారుతుంది. వర్ణపటదర్శిని చీలికను వెడల్పుగా ఉంచితే అసలు రేఖ, రెక్కలు కలసి కొలతలోకి వస్తాయి. సన్నగా ఉంచితే రెక్కలు తొలగిపోతాయి. ఈ రెండు సందర్భాలలోనూ ధ్రువణం ఎంత లోపించిందో కొలచి, ఆ ఫలితాల ఆధారంగా కాంతికణానికి ప్లాంక్ స్థిరాంకాన్ని 2π చేత భాగించగా వచ్చినంత స్పిన్ ఉన్నదని వారు ప్రకటించారు. వివరమైన వ్యాసం 1931లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లోనూ, సంక్షిప్త లేఖ 1932లో నేచర్ పత్రికలోనూ వచ్చాయి.

వారు చేరిన నిర్ణయం సరియైనదే. కాంతికణపు స్పిన్ ఒక ప్రమాణమని నేడు అందరూ అంగీకరించిన విషయం. అయితే ఆ ప్రయోగం దానికి నిస్సందేహమైన రుజువు అవునా, కాదా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఎందుకంటే, రెండు మెట్ల మార్పును సంప్రదాయ యాంత్రిక శాస్త్రం కూడా వేరొక దారిలో ఇస్తుంది. నైట్రోజను వంటి సరళరేఖాకార అణువు సగం చుట్టు తిరిగేసరికి మొదటి రూపంలోనే కనబడుతుంది. కనుక ఒక పూర్తి భ్రమణంలో దాని ధ్రువణీయత రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది. అందుచేత రేఖ విస్థాపన భ్రమణ పౌనఃపున్యానికి రెట్టింపు. క్వాంటం భాషలో రెండు మెట్లు, సంప్రదాయ భాషలో రెట్టింపు పౌనఃపున్యం - ఒకే సౌష్ఠవానికి రెండు పేర్లు. వృత్త ధ్రువిత కాంతి తరంగం కోణీయ ద్రవ్యవేగాన్ని మోస్తుందని పాయింటింగ్ 1909లోనే తరంగ సిద్ధాంతం ద్వారా చెప్పాడు. 1936లో బెత్ అమెరికాలో స్ఫటిక ఫలకాన్ని సన్నని తీగకు వేలాడదీసి, కాంతి వలన కలిగే మెలితిప్పును నేరుగా కొలిచాడు. 1934లో ప్లాచెక్ రూపొందించిన ధ్రువణీయతా సిద్ధాంతం, స్పిన్‌ను విడిగా ప్రస్తావించకుండానే రామన్ రేఖల ధ్రువణాన్ని లెక్కగట్టే మార్గం చూపింది. ఇన్ని ఉన్నా, ఇరవై రెండేళ్ళ యువకుడు తన గురువుతో కలసి భారతదేశంలోని ఒక చిన్న ప్రయోగశాలలో ఈ ప్రశ్నను ప్రయోగానికి లొంగదీయాలని పూనుకోవడం విశేషమే.

వాల్తేరులో

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర అధ్యాపకునిగా చేరాడు. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి. ముప్పయ్యవ ఏడు నిండకముందే భగవంతం ఆచార్య పదవి పొందాడు. కలకత్తా వంటి వసతులు లేని ఆ కొత్త విభాగంలో ఆయన రామన్ వర్ణపట పరిశోధనను కొనసాగిస్తూ, సిద్ధాంతం వైపు ఎక్కువ మొగ్గు చూపాడు.

ఆ కాలపు కృషిలో అన్నిటికంటె నిలిచినది టి.వెంకటరాయుడుతో కలసి చేసిన సమూహ సిద్ధాంత పరిశోధన. రామన్ ఫలితానికీ, స్ఫటిక నిర్మాణానికీ గల సంబంధంపై వీరి వ్యాసం 1939లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వెలువడింది. ఒక అణువు ఎన్ని విధాల కంపించగలదన్నది న్యూటన్ సూత్రాలతో తేలే సంప్రదాయ ప్రశ్న. ఆ కంపనాలలో ఏది రామన్ రేఖగా కనబడుతుంది, ఏది కనబడదు అన్నది క్వాంటం నియమాలతో తేలే ప్రశ్న. రెండింటికీ అణువు సౌష్ఠవమే తాళంచెవి. ష్రోడింగర్ సమీకరణాన్ని సాధించకుండానే సమాధానం దొరుకుతుంది.

మీథేను అణువును తీసుకుంటే, అందులో 5 పరమాణువులు, వాటికి 15 స్వేచ్ఛా దిశలు ఉన్నాయి. అణువు మొత్తం కదలడానికి 3, తిరగడానికి 3 పోగా 9 కంపనాలు మిగులుతాయి. చతుర్ముఖి సౌష్ఠవం వలన ఈ తొమ్మిదింటికీ నాలుగే వేర్వేరు పౌనఃపున్యాలు. ఆ నాలుగూ రామన్ వర్ణపటంలో కనబడవచ్చు. పరారుణ వర్ణపటంలో రెండే కనబడతాయి. అణువులకు తెలిసిన ఈ పద్ధతిని భగవంతం, వెంకటరాయుడు స్ఫటికాలకు విస్తరించారు. కాల్సైట్ స్ఫటికపు ప్రమాణ కణంలో 10 పరమాణువులు, 30 స్వేచ్ఛా దిశలు ఉన్నా, రామన్ వర్ణపటంలో మొదటి తరగతికి చెందిన రేఖలు అయిదే ఎందుకు రావాలో ఈ లెక్క చెబుతుంది. వీరి పేర్లతోనే ఈ విధానాన్ని నేటికీ ప్రస్తావిస్తారు.

1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేసిన తరువాత విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. ఆ ఏడాదిలోనే భగవంతం కాంతి-స్థితిస్థాపక ఫలితంపై ముఖ్యమైన సవరణ ప్రకటించాడు. స్ఫటికాన్ని నొక్కినపుడు దాని కాంతి ధర్మాలు ఎలా మారతాయో చెప్పడానికి ఘనాకార వర్గపు స్ఫటికాలన్నిటికీ మూడు స్థిరాంకాలు చాలునని జర్మన్ శాస్త్రవేత్త పొకెల్స్ నిర్ణయించాడు. అర్ధ శతాబ్దం పాటు అందరూ దానినే అనుసరించారు. ఆ వర్గంలోని అయిదు తరగతులలో రెండింటికి మూడు చాలవని, నాలుగు కావాలని భగవంతం సమూహ సిద్ధాంతంతో చూపాడు. పటిక వంటి స్ఫటికాలపై తరువాత చేసిన కొలతలు ఆయన మాటను నిలబెట్టాయి.

అన్ని ఫలితాలూ ఇలా నిలవలేదు. జె.భీమసేనాచార్‌తో కలసి అతిధ్వని తరంగాల ద్వారా ఆయన కొలచిన వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలు 1946లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. అవి చాలా కాలం ప్రామాణికంగా చలామణి అయ్యాయి. 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ చేసిన మేలైన కొలతలలో వాటిలో ఒక స్థిరాంకం విలువ అసలు విలువకు మూడు రెట్ల దాకా ఎక్కువగా వచ్చినట్లు తేలింది. అంత చిన్న వజ్రాలలో ధ్వని వేగాన్ని కొలవడం ఎంత కష్టమో దీనివలన తెలుస్తుంది.

ఉస్మానియా, బెంగుళూరు, ఢిల్లీ

1948-49లో లండనులోని భారత హైకమిషన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా కొంతకాలం పనిచేసిన తరువాత భగవంతం, తాను చదువుకున్న హైదరాబాదుకే తిరిగివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర ఆచార్యునిగా చేరాడు. 1952 నుండి 1957 వరకు ఉపకులపతిగా ఉన్నాడు. 1948 తరువాత ఉస్మానియాలో బోధన ఉర్దూ నుండి ఆంగ్లానికి మారుతున్న సంధి కాలమది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థులకు, తిరుమలగిరి వంటి మెట్ట ప్రాంతపు ఊళ్ళ నుండి వచ్చేవారికి, ఆనాడు తెలంగాణలో అందుబాటులో ఉన్న విశ్వవిద్యాలయం ఇదొక్కటే. వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో గాని ఏర్పడలేదు.

1957లో ఆయన భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడై 1962 వరకు కొనసాగాడు. ఆయన తరువాత ఆ పదవికి సతీష్ ధావన్ వచ్చాడు. 1961లో డి.ఎస్.కొఠారి స్థానంలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా నియమితుడై 1969 వరకు పనిచేసాడు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం ఈ కాలంలోనే జరిగాయి. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఏర్పడి అప్పటికి మూడేళ్ళే. క్షిపణుల పరిశోధనకు ఉద్దేశించిన రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల హైదరాబాదులో స్థిరపడినది కూడా ఈ కాలంలోనే. పాలనా బాధ్యతల మధ్య స్వంత పరిశోధన సహజంగానే తగ్గింది.

రచనలు, చివరి సంవత్సరాలు

కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితంపై ఆయన ఆంగ్ల గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1940లో ప్రచురించింది. వెంకటరాయుడుతో కలసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో వాల్తేరు నుండే వెలువడింది. గణితం భయపెట్టకుండా, భౌతిక శాస్త్ర విద్యార్థికి కావలసినంత మేరకే సిద్ధాంతాన్ని చెప్పడం ఈ పుస్తకం ప్రత్యేకత. స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై ఆయన మూడవ గ్రంథాన్ని అకడమిక్ ప్రెస్ 1966లో ప్రచురించింది. సలహాదారు పదవిలో ఉంటూ దీనిని పూర్తి చేసాడన్నది గమనించదగ్గది.

పదవీ విరమణ తరువాత వర్ధమాన దేశాలలో శాస్త్ర, సాంకేతిక విజ్ఞానాల అభివృద్ధికి సంబంధించిన అంతర్జాతీయ సంఘంలో పనిచేసాడు. సత్యసాయిబాబా భక్తుడైన ఆయన, బాబా తెలుగు ప్రసంగాలను సభావేదికలపై అప్పటికప్పుడు ఆంగ్లంలోకి అనువదించేవాడు. 1989 ఫిబ్రవరి 6న, తన 79వ ఏట భగవంతం మరణించాడు.