మొదటి కుర్చీలో కూర్చోని పాల్ హారిస్

మన పట్టణాల్లో కంటి ఆపరేషన్ల క్యాంపు దగ్గరో, పోలియో చుక్కల బ్యానరు మీదో పళ్ళ చక్రం గుర్తు చూసే ఉంటారు. అది రోటరీ క్లబ్బుది. దాన్ని మొదలుపెట్టిన పాల్ హారిస్ కూడా పరాయి ఊళ్ళో ఒంటరిగా బతికిన మనిషే.

ఆయన 1868లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో మూడేళ్ళకే వాలింగ్‌ఫర్డ్ అనే పల్లెలో తాత, నాయనమ్మల దగ్గరికి చేరారు. 1891లో లా చదువు ముగించాక ఐదేళ్ళు ఊరూరా తిరిగారు. విలేఖరిగా చేశారు, నాటకాలాడారు, పశువుల్ని తరలించే ఓడలో కూలీగా కూడా వెళ్ళారు. 1896లో షికాగోలో ప్లీడరుగా స్థిరపడ్డారు. పని దొరికింది కానీ ఆదివారం వస్తే మనసు విప్పి మాట్లాడే మనిషి లేడు. మన శుక్రవారాల్లాంటివే అనుకోండి.

1905 ఫిబ్రవరి 23 సాయంత్రం ఆయన మరో ముగ్గురితో కూర్చున్నారు. ఒకరు గనుల ఇంజినీరు, ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు బట్టలు కుట్టించే వ్యాపారి. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు కాబట్టి రోటరీ అన్నారు.

ఆలోచన హారిస్‌ది. మొదటి అధ్యక్షుడు మాత్రం బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీల్. హారిస్ వంతు 1907లో గానీ రాలేదు, అదీ మూడో అధ్యక్షుడిగా. సంఘం పెట్టినవాడే ఏళ్ళ తరబడి అధ్యక్షుడుగా ఉండిపోయే చోట్లను చూసినవాళ్ళకు ఇదెంత పెద్ద సంగతో తెలుస్తుంది.

మొదట్లో సభ్యులు ఒకరికొకరు బేరాలు ఇచ్చుకోవడమే పని. డొనాల్డ్ కార్టర్ అనే లాయర్‌ను చేరమంటే, మీవాళ్ళకు తప్ప ఊరికి పనికిరాని సంఘం నాకెందుకని తిప్పికొట్టాడు. హారిస్ కోపం తెచ్చుకోలేదు. ఊరికి మేలు చేయడం కూడా క్లబ్బు ఆశయాల్లో చేరింది. మొదటి పెద్ద పని ఏమిటనుకున్నారు? షికాగో నడిబొడ్డున పబ్లిక్ మరుగుదొడ్డి! సారా దుకాణాలవాళ్ళు, పెద్ద షాపులవాళ్ళు అడ్డుపడ్డారు. జనం తమ దగ్గరికే రావాలని వాళ్ళ లెక్క. అయినా కట్టించారు. స్నేహం, వ్యాపారం చాలు, ఈ సేవ గోల మనకెందుకని లోపలివాళ్ళే చాలామంది గొణిగారు. ఆ గొణుగుడును ఓర్చుకోవడమే అధ్యక్షుడి అసలు పని అని నాకనిపిస్తుంది.

1910లో క్లబ్బులన్నీ కలిసి ఒక సమాఖ్య అయ్యాయి. హారిస్ రెండేళ్ళు అధ్యక్షుడిగా ఉండి 1912లో దిగిపోయారు. కార్యదర్శి చెస్లీ పెర్రీ మాత్రం 1942 దాకా ఉన్నాడు. ప్రెసిడెంట్లు మారుతున్నా సంఘం చెదరకపోవడానికి ఉత్తరాలు, లెక్కలు ఒకే చేతిలో పద్ధతిగా నడవడం పెద్ద కారణం. లోటు లేకపోలేదు. ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకునేలా నియమం మార్చింది 1989లో, ఆయన పోయిన చాలా ఏళ్ళకు.

హారిస్ 1947 జనవరి 27న షికాగోలో కన్నుమూశారు. మౌంట్ హోప్ శ్మశానంలో, అంతకుముందే పోయిన షీల్ సమాధికి దగ్గరలోనే ఆయన సమాధి ఉంది.