బడి ఖర్చు ఎవరిది? భాగ్యరెడ్డి వర్మ జీవితం చెప్పే లెక్క

నగరాల్లో సర్కారు బడులకు నిధులు ఎందుకు చాలడం లేదన్న చర్చ వచ్చినప్పుడల్లా మేము భాగ్యరెడ్డి వర్మ జీవితాన్ని మళ్లీ చదువుతాం. దళిత పిల్లల చదువుకు డబ్బు ఎవరు పెట్టాలన్న ప్రశ్నను ఆయన హైదరాబాద్ బస్తీల్లో పాతికేళ్లు మోశారు.

1888 మే 22న హైదరాబాద్‌లోని పేద మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. చిన్న వయసులోనే ఒక బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరారు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా వాడల్లో జనాన్ని కూడగట్టారు. 1911లో మన్య సంఘం స్థాపించారు. దేవదాసి, జోగిని ఆచారాల మీద, మద్యం మీద పోరాడారు. 1917లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షత వహించి, పంచములమన్న పేరును తిరస్కరించి, ఈ నేల మూలవాసులమని చాటారు.

వీటన్నిటికీ పునాది బడి. 1910లో ఇసామియా బజార్‌లో మొదటి పాఠశాల తెరిచారు. నిజాం రాజ్యంలో కొలువుకైనా పై చదువుకైనా ఉర్దూ కావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే మాల, మాదిగ పిల్లలకు కులం ఒక అడ్డు, భాష మరో అడ్డు. వర్మ బడుల్లో తెలుగులో పాఠం చెప్పారు. ఖర్చుకు చందాలే ఆధారం. అలా నడుస్తూనే బడులు పాతికకు చేరాయి, పిల్లలు దాదాపు 2,500 మంది అయ్యారు. 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన కిందికి తీసుకుంది. 1939 ఫిబ్రవరి 18న వర్మ కన్నుమూశారు.

ఈ కథను సేవాగాథగా చెప్పి ఆపేస్తే అసలు విషయం జారిపోతుంది. ప్రభుత్వం ఆ బడులను తీసుకోవడమంటే, ఆ బరువు మొదటి నుంచీ తనదేనని ఒప్పుకోవడమే అని మేము భావిస్తాం. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మాల, మాదిగలు అధికారులకు, దొరలకు వెట్టి చేశారు. రాజ్యం వాళ్ల శ్రమ తీసుకుంది, వాళ్ల వాడకు బడి మాత్రం ఇవ్వలేదు. పట్నంలో అదే జనం చందాలేసుకుని చదువు కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇవాళ కొండగట్టు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలికి పట్నం చేరే కుటుంబాలకు బస్తీలోని సర్కారు బడే దిక్కు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. దేశం ఇప్పటికీ ఆ మెట్టు ఎక్కలేదు. 2010 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. అయినా 2022లో తెలంగాణ ప్రభుత్వం మన ఊరు - మన బడి, మన బస్తీ - మన బడి మొదలుపెట్టినప్పుడు బడుల మరమ్మతుకు దాతలనూ పిలిచింది.

దాత ఇస్తే తీసుకోవచ్చు. కానీ దాతలు దొరికేది పేరున్న బడికి, పలుకుబడి ఉన్న పూర్వ విద్యార్థులున్న బడికి. మురికివాడ బడికి దాత ఎక్కడ? నిధులను దయకు వదిలేస్తే పాత అసమానతే కొత్త రంగు వేసుకుని నిలబడుతుంది. వర్మ జయంతికి దండ వేసే ప్రతి నాయకుడినీ విద్యార్థులు బడ్జెట్ లెక్క అడగాలి. గతిలేక ఆయన చందా అడిగారు. రాజ్యాంగం ఉన్న కాలంలో మనం అడగాల్సింది హక్కు.