శత్రుదేశపు బిడ్డలకై జోలె పట్టిన ఎగ్లంటైన్ జెబ్

1918 నవంబరు 11వ తేదీన మొదటి ప్రపంచ సంగ్రామం ముగిసింది. ఫిరంగులు మూగవోయాయి. కాని జర్మనీ, ఆస్ట్రియా దేశాలపై మిత్రరాజ్యాలు విధించిన నౌకా దిగ్బంధం మాత్రం వెంటనే తొలగలేదు. సంధి కుదిరే వరకు ఓడినవారిని లొంగదీసి ఉంచడానికి అదొక సాధనమని విజేతలు భావించారు. తత్ఫలితంగా వియన్నా మొదలైన నగరాలలో పాలు లేక, రొట్టె లేక పసిపిల్లలు కృశించిపోసాగారు. ఎముకలలో బలం లేక నడవలేని బిడ్డలెందరో! వారి కోసం, నాలుగేండ్లు వారి దేశాలతోనే పోరాడిన ఇంగ్లండులో జోలె పట్టిన వనిత ఎగ్లంటైన్ జెబ్.

ఆమె 1876 ఆగస్టు 25వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, ఎల్స్‌మియర్ అనే ఊరిలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించింది. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివింది. కొంతకాలం ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసింది గాని, పిల్లలను ఆకట్టుకొనే నేర్పు తనకు లేదని గ్రహించి ఆ ఉద్యోగం మానుకొన్నది. లోకంలోని పిల్లలందరికీ ఆప్తురాలైన ఈమె తరగతి గదిలో ఇమడలేకపోవడం విచిత్రమే. తరువాత కేంబ్రిడ్జి నగరంలోని పేదల స్థితిగతులను పరిశోధించి 1906లో ఒక గ్రంథం ప్రకటించింది. జాలిపడి చేతికందినది ఇచ్చినంత మాత్రాన దానం సార్థకం కాదనీ, అవసరమెక్కడో విచారించి, లెక్క తప్పక చేర్చాలనీ ఆమె అక్కడే నేర్చుకొన్నది. 1913లో బాల్కన్ యుద్ధబాధితుల సహాయార్థం మాసిడోనియాకు వెళ్లి, ఇల్లూ వాకిలీ కోల్పోయిన శరణార్థులను కన్నులారా చూచింది.

1919 ఆరంభంలో ఆమె, ఆమె చెల్లెలు డొరొతీ బక్స్‌టన్, మరికొందరు కలిసి దిగ్బంధాన్ని తొలగించాలని కోరుతూ ఒక సంఘాన్ని స్థాపించారు. ఆ వసంతంలోనే జెబ్ లండనులోని ట్రఫాల్గర్ కూడలిలో నిలిచి కరపత్రాలు పంచింది. వాటిపై తిండి లేక శుష్కించిన ఒక ఆస్ట్రియా పసిబిడ్డ చిత్రం ఉంది. యుద్ధకాలపు చట్టం ఇంకా అమలులోనే ఉన్నందువల్ల, అధికారుల అనుమతి లేకుండా కరపత్రాలు పంచిందని ఆమెను నిర్బంధించి న్యాయస్థానంలో నిలబెట్టారు. ఆమె తన వాదాన్ని తానే వినిపించుకొన్నది. చట్టం ప్రకారం నేరం రుజువైంది; అయిదు పౌన్ల జరిమానా పడింది. అయితే ఆమెపై వాదించిన ప్రభుత్వ న్యాయవాది సర్ ఆర్చిబాల్డ్ బాడ్కినే ఆ మొత్తాన్ని తన జేబులోనుండి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆరంభించబోతున్న శిశుసహాయ నిధికి అదే తొలి విరాళమైంది.

1919 మే 19వ తేదీన లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగిన మహాసభలో ఆ నిధి ‘సేవ్ ద చిల్డ్రన్ ఫండ్’ అనే పేరుతో వెలసింది. శత్రువుల పిల్లలకు చందాలడుగుతున్న ఈ ద్రోహుల మీద విసరడానికి కొందరు కుళ్లిన పండ్లు వెంట తెచ్చుకొన్నారని చెబుతారు. యుద్ధంలో కొడుకులనో, భర్తలనో పోగొట్టుకొన్నవారు ఆ దేశంలో లక్షలమంది ఉన్నారు. వారి కోపం అకారణమైనది కాదు. అటువంటివారి ముందు నిలిచి, ఆకలికి మాడే బిడ్డ ఏ దేశపు బిడ్డ అయినా బిడ్డయేనని ఒప్పించడమే ఆమె తలకెత్తుకొన్న పని.

అందుకామె ఎన్నుకొన్న మార్గాలు ఆనాటి ధర్మసంస్థలకు కొత్తవి. సబ్బులు, తేయాకు అమ్మే వర్తకుల వలె ఆమె పత్రికలలో పూర్తిపుట ప్రకటనలు వేయించింది. దానధనాన్ని ప్రకటనలకు వెచ్చించడమేమిటని తోటివారే ఆక్షేపించారు. ఆమె వెనుదీయలేదు, ఖర్చుకు మించి విరాళాలు వచ్చాయి. బొగ్గుగని కార్మికుల సమాఖ్య 10,000 పౌన్లు ఇచ్చింది. పోపు పదునైదవ బెనెడిక్టు పిలుపునందుకొని 1919 డిసెంబరు 28వ తేదీన కేథలిక్ చర్చీలలో పిల్లల కొరకు కానుకలు పోగుచేశారు. పోగైన ధనాన్ని అప్పటికే ఆయా దేశాలలో సేవ చేస్తున్న క్వేకర్ల వంటి వారి ద్వారా పిల్లలకు చేర్చేవారు. 1920 జనవరిలో జెనీవా కేంద్రంగా ఒక అంతర్జాతీయ సమాఖ్య కూడ ఏర్పడింది.

1921లో రష్యాలోని వోల్గా తీరాన ఘోరమైన క్షామం సంభవించింది. స్వదేశంలోనే నిరుద్యోగులుండగా బోల్షివిక్కుల దేశానికి సొమ్ము పంపడమా అని కొన్ని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. జెబ్ వాదోపవాదాలకు దిగక, క్షామపీడిత ప్రాంతాలలో చిత్రం తీయించి ఊరూరా ప్రదర్శింపజేసింది. 600 టన్నుల ఆహారపదార్థాలతో టోర్సెల్లో అనే ఓడ బయలుదేరింది. సరాటోవ్ ప్రాంతంలో వెలసిన భోజనశాలలలో సుమారు 3 లక్షలమంది పిల్లలు ప్రాణాలు నిలుపుకొన్నారు.

1923లో ఆమె బాలల హక్కులను అయిదు అంశాలుగా రచించింది. ఆపద సమయంలో సహాయం మొట్టమొదట అందవలసినది బిడ్డకే అన్నది వాటిలో ఒకటి. 1924లో నానాజాతి సమితి ఆ ప్రకటనను ఆమోదించింది. 1989నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు మూలం అందులోనే ఉంది. మన దేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది.

ఏండ్ల తరబడి గళగ్రంథి వ్యాధితో బాధపడుతూనే పనిచేసిన జెబ్ 1928 డిసెంబరు 17వ తేదీన జెనీవాలో మరణించింది. అప్పటికామె వయస్సు 52 ఏండ్లు. ఆమెను ఆ నగరంలోనే సమాధి చేశారు. 2024లో జెనీవావాసులు ఆమె అస్థికలను తమ నగర ప్రముఖులు విశ్రమించే శ్మశానవాటికకు సగౌరవంగా తరలించారు.