గాలి లెక్క తేల్చిన కార్మన్

సాయంత్రంపూట శ్రీనగర్ కాలనీ నుంచి జూబ్లీహిల్స్ మీదుగా దుర్గం చెరువు తీగల వంతెన దాకా షికారు పోయే మిత్రులు అక్కడి గాలి హాయిగా ఉందంటారే గాని, ఆ గాలి వంతెనను ఏం చెయ్యగలదో ఆలోచించరు. 1940 దాకా పేరుమోసిన ఇంజనీర్లే అంతగా ఆలోచించలేదు. వాళ్ళచేత ఆలోచింపజేసినవారిలో ముఖ్యులు థియొడార్ వాన్ కార్మన్.

ఆయన 1881 మే 11న బుడాపెస్టులో జన్మించారు. ఆరేళ్ళకే ఆరంకెల సంఖ్యలను నోటితో గుణించేవారట. పిల్లవాడు నలుగురికీ వింతవస్తువు అయిపోతాడని భయపడి తండ్రి లెక్కలు మాన్పించి, చరిత్ర, భూగోళం చదివించారు. (మన ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతుంది!) అయినా లెక్కలు ఆయనను వదల్లేదు. జర్మనీలోని గొటింగెన్‌లో ప్రాంటిల్ దగ్గర 1908లో డాక్టరేటు పుచ్చుకున్నారు.

అక్కడ ఒక పరిశోధక విద్యార్థి పారే నీటిలో గుండ్రని స్తంభం నిలిపి పీడనం కొలవబోతే, ప్రవాహం ఎంతకీ కుదురుగా ఉండేది కాదు. అంతా స్తంభం నునుపును అనుమానించారు. లోపం స్తంభంలో లేదనీ, దాని వెనుక ఒకసారి ఈ పక్కన, ఒకసారి ఆ పక్కన సుడులు పుట్టడం ప్రవాహ స్వభావమేననీ కార్మన్ 1911లో లెక్కగట్టి చూపారు. ఆ సుడుల వరుసకు ఆయన పేరే నిలిచింది. తర్వాత ఆహెన్‌లో ఆచార్య పదవి, 1930లో కాలిఫోర్నియా, ఆపైన రాకెట్లు - అదంతా వేరే వ్యాసం.

1940 నవంబరు 7న అమెరికాలో, అప్పటికి నాలుగు నెలల క్రితమే తెరిచిన టకోమా నారోస్ వేలాడే వంతెన గంటకు 67 కిలోమీటర్ల గాలికే మెలితిరిగి కూలిపోయింది. మధ్య స్పాన్ 853 మీటర్లు. వెడల్పు 12 మీటర్లు. గర్డర్ల ఎత్తు 2.4 మీటర్లే. గాలి తోపుకు లెక్క సరిపోయింది, కదలికకు అసలు లెక్కే వెయ్యలేదు. కార్మన్ రబ్బరు నమూనా ఒకటి ఇంటికి తీసుకెళ్ళి ఫ్యాను ముందు పెడితే అదీ ఊగింది. విచారణ సంఘంలో అమన్, ఉడ్రఫ్‌లతోపాటు ఆయననూ వేశారు. విమానపు రెక్కల శాస్త్రం వంతెనకు వర్తిస్తుందంటే వంతెనల ఇంజనీర్లకు ఒక పట్టాన మింగుడుపడలేదు.

ఇక్కడ మన లెక్చరర్లు కాస్త మన్నించాలి. సుడుల పౌనఃపున్యం, వంతెన పౌనఃపున్యం కలిసి అనునాదం వచ్చిందని క్లాసులో చెబుతుంటారు. ఆ గాలికి సుడులు సుమారు సెకనుకొకటి పుట్టాలి. వంతెన మెలితిరిగింది అయిదు సెకన్లకొకసారి. రెండూ కలవవు. అసలు సంగతి ఫ్లట్టర్: డెక్ కొంచెం మెలితిరిగితే దాని మీద గాలి బలం మారుతుంది, ఆ మార్పు మెలికను ఇంకా పెంచుతుంది. ఊగుతున్నకొద్దీ గాలి నుంచి శక్తి లాక్కుంటూ పోతుంది. సుడుల అనునాదం ప్రధానం కాకపోవచ్చునని 1941 విచారణ నివేదికే చెప్పింది. దాని మీద కార్మన్ సంతకం కూడా ఉంది. విచిత్రమేమంటే, ఆయన ఆత్మకథలో మాత్రం నేరం తన సుడుల మీదే మోపారు. కన్నబిడ్డల మీద మమకారం కాబోలు.

కొత్త వంతెన నమూనాను విండ్ టన్నెల్‌లో పరీక్షించి, గాలి దూరిపోయే లోతైన ట్రస్సులతో కట్టి 1950లో తెరిచారు. 1963 ఫిబ్రవరిలో అమెరికా తొలి జాతీయ విజ్ఞాన పతకాన్ని కెన్నెడీ చేతులమీదుగా అందుకున్న కార్మన్, ఆ మే 6న తాను పాఠాలు చెప్పిన ఆహెన్‌లోనే కన్నుమూశారు.