నాదమును కొలిచిన శాస్త్రజ్ఞుడు

గాయకుడు ఎంత చక్కగా పాడినను, వక్త ఎంత స్పష్టముగా పలికినను, ఆ గది అనుకూలము కానిచో వినువారికి సుఖము కలుగదు. క్రొత్తగా కట్టిన యింటిలో సామానులు చేర్చక పూర్వము మన మాట ఖంగున మ్రోగును. చాపలు, పరుపులు, తెరలు చేరిన పిమ్మట ఆ మ్రోత అణగిపోవును. ఇది అందఱును ఎఱిగిన సంగతియే. అయినను దీనికొక లెక్క కలదని నిరూపించిన మహనీయుడు వాలస్ క్లెమెంట్ సేబైన్.

ఇతడు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహాయో రాష్ట్రమున, రిచ్‌వుడ్ అను ఊరిలో 1868వ సంవత్సరము జూన్ 13వ తేదీన జన్మించెను. 18 ఏండ్ల ప్రాయముననే పట్టభద్రుడై, పిమ్మట హార్వర్డ్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, అచ్చటనే అధ్యాపకుడయ్యెను.

ఆ కాలమున హార్వర్డ్‌లో ఫాగ్ కళాభవనమను క్రొత్త కట్టడము వెలసెను. చూచుటకది సుందరముగనే యుండెను. కాని, అందలి ఉపన్యాసశాలలో పలికిన మాట గోడలకును, కప్పునకును మరల మరల తగిలి సుమారు 5½ సెకండ్లు వినబడుచుండెను. మొదటి మాట అణగకముందే తరువాతి మాటలు దానితో కలిసిపోవుటచే శ్రోతలకు ఏదియు బోధపడకుండెను. ఇట్లు నిలిచియుండు మ్రోతకు ప్రతినాదమని పేరు. విశ్వవిద్యాలయాధ్యక్షుడగు చార్లెస్ ఎలియట్ 1895లో ఈ దోషమును తొలగించు భారమును 27 ఏండ్ల సేబైన్‌పై నుంచెను.

పగటి సందడిలో ఈ పరీక్షలు సాగవు. కావున సేబైన్ అర్ధరాత్రి దాటిన పిమ్మట పని ప్రారంభించుచుండెను. సమీపమున నున్న శాండర్స్ నాటకశాలలోని మెత్తలను సహాయకులతో మోయించి తెచ్చి, బల్లలపై పఱపించి, ఆర్గన్ గొట్టమును మ్రోగించి ఆపి, నాదము చెవికి వినబడకుండుటకు ఎంత కాలము పట్టునో కొలుచుచుండెను. తెల్లవాఱులోగా ఆ మెత్తలు మరల స్వస్థానమునకు చేరవలెను. మెత్తలు పెరిగినకొలది ప్రతినాదకాలము తఱుగుచు వచ్చెను. శాలను వానితో నింపినపుడు అది సెకండునకు కొంచెము మించి యుండెను.

ఇట్లు పనిచేయుచుండగా ఫలితములలో చిన్న తేడాలు కనబడెను. విచారింపగా, పరీక్షించువాని దుస్తులు సైతము నాదమును పీల్చుకొనుచున్నవని తేలెను. ఏనాడు ఏ దుస్తులు ధరించెనో వ్రాసికొనలేదు. అతడు చింతించుచు కూర్చుండక, వేలకొలది కొలతలను త్రోసివేసి, అప్పటినుండి ఒకే విధమగు దుస్తులు ధరించి మొదటినుండి పని సాగించెను. ఆ తేడా అత్యల్పమే. దానిని కప్పిపుచ్చినను అడుగువారు లేరు. అయినను సందేహము గల కొలతను సత్యమని చెప్పుటకు అతని మనస్సు ఒప్పలేదు.

1898లో ఈ శ్రమ ఫలించెను. గది ఘనపరిమాణము హెచ్చినకొలది ప్రతినాదము హెచ్చును. నాదమును పీల్చు శక్తి హెచ్చినకొలది అది తగ్గును. తెఱచిన కిటికీనుండి వెడలిన నాదము తిరిగి రాదు గనుక, దానినే కొలమానముగా గ్రహించి, తక్కిన వస్తువులు ఎంతెంత నాదమును పీల్చునో అతడు లెక్కించెను. నాదతీవ్రత పదిలక్షలవ వంతునకు దిగుటకు పట్టు కాలమును ప్రతినాదకాలమని నేడు వ్యవహరింతురు.

ఆ సంవత్సరముననే బోస్టన్ నగరమున కట్టదలచిన సంగీతశాల విషయమున అతని సలహా కోరబడెను. కట్టకముందే గణితముచే నాదగుణమును నిర్ణయించి కట్టిన మొదటి సంగీతశాల ఇదియే. ఇది 1900వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ప్రారంభమయ్యెను. మొదట కొందఱు విమర్శకులు దోషములెంచిరి. కాలక్రమమున అది లోకమునందలి ఉత్తమ సంగీతశాలలలో నొకటిగా కీర్తి గాంచెను.

ఈ సూత్రము మహాభవనములకే గాక మన యిండ్లకును వర్తించును. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల యెత్తు గల గది ఘనపరిమాణము 60 ఘనమీటర్లు. దానిని 0.16చే గుణించి, ఆ గది పీల్చు శక్తిచే భాగింపవలెను. వట్టి గది 4 చదరపు మీటర్ల కిటికీతో సమముగా పీల్చుననుకొందము. అపుడు ప్రతినాదకాలము 2.4 సెకండ్లు. పరుపులు, తివాచీలు, తెరలు చేరి ఆ శక్తి 16 అయినచో 0.6 సెకండ్లు మాత్రమే. పాట చెడి వినబడినపుడు యంత్రమును నిందించుటకు ముందు గదిని చూడవలెనని దీని తాత్పర్యము. అట్లని గది నంతయు మెత్తలతో నింపరాదు; సంగీతమునకు కొంత ప్రతినాదము జీవము వంటిది. పలుచని తెర హెచ్చుస్థాయి స్వరములను పీల్చినను మంద్రస్వరములను అంతగా పీల్చజాలదు. స్వరస్థాయినిబట్టి పీల్చు శక్తి మాఱునని కూడ సేబైనే పరీక్షించి తెలిపెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆరోగ్యమును లెక్కసేయక దేశసేవయందు శ్రమించి, 1919వ సంవత్సరము జనవరి 10వ తేదీన, 50 ఏండ్ల వయస్సున అతడు మరణించెను. నాదశోషణమును కొలుచు ప్రమాణమునకు శాస్త్రజ్ఞులు అతని పేరే పెట్టిరి. తన కొలతలలోని లోపమును తానే కనిపెట్టి త్రోసివేసినవాని పేరు ఒక కొలతకు నిలుచుట ఎంతయు యుక్తము.