లోకాన్ని కదిలించినా ఇంటిని గెలవలేకపోయాడు!

పెళ్లి సంబంధం వెదికేటప్పుడు మనవాళ్లు చదువు, ఉద్యోగం, ఆస్తి, అందం గురించి వంద ప్రశ్నలు వేస్తారు. అబ్బాయి దయగలవాడేనా? అమ్మాయి నవ్వుతూ మాట్లాడుతుందా? కోపమొస్తే ఒకరితో ఒకరు ఎలా మెలగుతారు? ఈ ప్రశ్నలు మాత్రం చాలా ఇళ్లలో వినిపించవు. విశ్వాసుల ఇళ్లలోనైతే ప్రార్థనాపరులా కాదా అన్న ప్రశ్న ఒకటి అదనంగా ఉంటుంది. అది అవసరమే! కాని అదొక్కటే చాలదని 18వ శతాబ్దపు మహాదైవజనుడు జాన్‌ వెస్లీ జీవితం మనకు నేర్పుతుంది.

వెస్లీ 1703లో ఇంగ్లండులోని ఎప్‌వర్త్‌లో ఒక ఆంగ్లికన్‌ గురువు ఇంట పుట్టాడు. ఆక్స్‌ఫర్డులో చదివి అక్కడే బోధకుడయ్యాడు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్‌ వీధిలో జరిగిన ఒక కూడికలో ఆయనకు రక్షణ నిశ్చయత కలిగింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఎక్కువగా గుర్రం మీదే తిరుగుతూ, గని కార్మికులకూ నిరుపేదలకూ ఆరుబయట సువార్త ప్రకటించాడు. రెండున్నర లక్షల మైళ్లు ప్రయాణించి, 40 వేల ప్రసంగాలు చేశాడని జీవిత చరిత్రకారుల అంచనా. మెథడిస్టు ఉద్యమం అలా పుట్టింది. 1924లో ప్రతిష్ఠించిన మన మెదక్‌ చర్చిని కట్టించిన పాస్నెట్‌ దొర ఆ వెస్లియన్‌ మిషన్‌ సేవకుడే!

అంతటి జ్ఞాని పెళ్లి విషయంలో మాత్రం మూడుసార్లు తడబడ్డాడు. 1736లో అమెరికాలోని జార్జియాలో సేవ చేస్తున్నప్పుడు సోఫియా హాప్కీ అనే యువతిని ఇష్టపడ్డాడు. కాని పెళ్లి సేవకు అడ్డమవుతుందేమోనని నెలల తరబడి ఊగిసలాడి, చివరికి చీట్లు వేసి ఆ ఆలోచన మానుకున్నాడు. ఆమె 1737 మార్చిలో మరొకరిని పెళ్లాడింది. కొన్ని నెలల తర్వాత వెస్లీ ఆమెకు ప్రభురాత్రి భోజనం నిరాకరించాడు. అది కోర్టు దాకా వెళ్లింది. ఆ ఏడాది చివర్లో ఆయన జార్జియా విడిచి వచ్చేయాల్సి వచ్చింది.

1748లో న్యూకాజిల్‌లో జబ్బుపడినప్పుడు గ్రేస్‌ మర్రే అనే వితంతువు ఆయనకు ఉపచారం చేసింది. అక్కడి అనాథాశ్రమ బాధ్యతలు చూసుకునే ఆమెకు సేవాభావం మెండు. ఆయన వెంట ఐర్లండు ప్రయాణంలో కూడా పరిచర్య చేసింది. ఇద్దరూ పెళ్లి మాట ఇచ్చిపుచ్చుకున్నారు. అయితే జాన్‌ బెన్నెట్‌ అనే మరో బోధకుడు కూడా ఆమెను ఆశించాడు. వెస్లీ తేల్చకుండా కాలం గడిపాడు. ఇంతలో ఒకప్పటి పనిమనిషిని అన్న పెళ్లాడితే ఉద్యమానికి చెడ్డపేరు వస్తుందని భయపడిన తమ్ముడు చార్లెస్‌ హుటాహుటిన వచ్చి, 1749 అక్టోబరు 3న ఆమెను బెన్నెట్‌కు ఇచ్చి పెళ్లి జరిపించాడు. వెస్లీ గుండె పగిలింది.

విచిత్రమేమంటే, అదే ఏడాది ఏప్రిల్‌లో చార్లెస్‌ తనకు తగిన ఇల్లాలిని ఎంచుకున్నాడు. వేల్స్‌లోని సంపన్న కుటుంబానికి చెందిన శాలీ గ్విన్‌ను ఆయన పెళ్లాడితే, ఆ వివాహం జరిపించింది అన్న జానే! వరుడికి 41, వధువుకు 22. ఆమె మృదుస్వభావి, పాటంటే ప్రాణం. చార్లెస్‌తో పాటు గుర్రమెక్కి సువార్త ప్రయాణాలూ చేసింది. 1753లో మశూచి ఆమె అందాన్ని హరించినా భర్త ప్రేమ తగ్గలేదు. 8 మంది పిల్లల్లో ఐదుగురు పసితనంలోనే పోయినా ఆ ఇల్లు చెదరలేదు. వేలాది కీర్తనలు రాసిన చార్లెస్‌ వెనుక ఆ ఇంటి ప్రశాంతత ఉంది.

మరి జాన్‌? 1751 ఫిబ్రవరిలో లండన్‌ బ్రిడ్జిపై మంచు మీద జారిపడి, మేరీ వాజెయ్‌ అనే వితంతువు ఇంట్లో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నాడు. పడిన పది రోజుల్లోపే ఆమెతో పెళ్లి జరిగిపోయింది! గ్రేస్‌ విషయంలో అతిగా ఆలస్యం చేసిన మనిషి ఈసారి అతిగా తొందరపడ్డాడు. స్వభావాలు కలుస్తాయా అని చూడలేదు, తమ్ముణ్ణి సంప్రదించలేదు. మేరీ మొదట్లో ఆయన వెంట ప్రయాణాలు చేసింది. కాని నలుగురు పిల్లల తల్లికి ఆ కష్టాలు భారమయ్యాయి. క్రమంగా అనుమానం పెరిగింది. ఆయన ఉత్తరాలు విప్పి చదివి, వాటిని ఆయన విరోధులకు కూడా అందించింది.

తప్పంతా మేరీదేనని తీర్పు చెప్పడం న్యాయం కాదు. పెళ్లయినంత మాత్రాన బోధకుడు ఒక్క ప్రసంగమైనా, ఒక్క రోజు ప్రయాణమైనా తగ్గించకూడదని వెస్లీ నమ్మాడు, అలాగే బతికాడు. భార్య అభ్యంతరపెట్టినా ఇతర సోదరీమణులకు ఆప్యాయంగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఆమెకు మాత్రం లోబడి ఉండమని పాఠాలు రాశాడు. 1771లో ఆమె ఇల్లు విడిచింది. మధ్యలో తిరిగొచ్చినా కాపురం నిలవలేదు. 1781 అక్టోబరులో ఆమె మరణిస్తే, సమాధి చేశాక గాని ఆయనకు తెలియలేదు. 1791లో తాను కన్నుమూసే దాకా వెస్లీ సేవ ఆగలేదు, కాని ఆయనకంటూ ఒక ఇల్లు మిగల్లేదు.

సామెతల గ్రంథంలోని గుణవతియైన భార్య నోట కృపగల మాటలుంటాయి. సంతోషహృదయం మంచి ఔషధమని కూడా ఆ గ్రంథమే బోధిస్తుంది. యువతీ యువకులారా! పని ఒత్తిడిలో, జబ్బులో, మాట పట్టింపులో ఆ మనిషి ఎలా ప్రవర్తిస్తారో చూసేందుకు తగినంత సమయం తీసుకోండి. మీ మేలుకోరే పెద్దలను అడగండి. తెలిసిన తర్వాత అనవసరంగా జాప్యం చేయకండి. అన్నిటికన్నా ముందు మరో ప్రశ్న వేసుకోండి. దయ, సంతోషం గల మనిషి కావాలంటున్న మనం, ఎదుటివారికి అలాంటి మనిషిగా దొరుకుతున్నామా?